సంక్రాంతి టిక్కెట్టు : యంత్రములలోని నీరుగంటి

నవంబరు 14వ తేది బాలల దినోత్సవము. పాఠశాలలో వేషములు, పాటలు, మిఠాయిలు. కాని ఆనాటి ఉదయము ఎనిమిది గంటలకు చందాపుర, బొమ్మసంద్ర, అత్తిబెలె ప్రాంతముల తెలుగు ఇండ్లలో పెద్దల దృష్టి పిల్లల వేషములపై నుండదు. చేతిలోని ఫోనుపై నుండును. రైలు టిక్కెట్టును ముందుగా కొనదగిన గడువును 2024 నవంబరు 1వ తేది నుండి 120 దినములకు బదులు 60 దినములకు తగ్గించిరి. జనవరి 13వ తేది నుండి అరువది దినములు వెనుకకు లెక్కించినచో సరిగా నవంబరు 14 వచ్చును. తిరుపతి మీదుగా కాకినాడకు పోవు శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులోనో, గుంతకల్లు, విజయవాడల మీదుగా పోవు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సులోనో ఇంటిల్లిపాదికిని చోటు దొరకునా, ఊరిలో ఎదురుచూచుచున్న అవ్వతాతలను పిల్లలు పండుగకు చూడగలుగుదురా యన్నది ఆ యుదయమున కొన్ని నిమిషములలో తేలిపోవును.

“తెరమీద చక్రము తిరుగుచుండగనే టిక్కెట్లు అయిపోయినవి, సర్వరు పనిచేయలేదు” అను మాట మనము ఏటేట వినుచునే యున్నాము. ఈ మాటలో కొంత నిజమును, కొంత పొరపాటును కలవు. ఆ చక్రము తిరుగుచున్నప్పుడు దాని వెనుక ఏమి జరుగుచున్నదో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మన పాఠశాల తల్లిదండ్రులలో ఎలక్ట్రానిక్ సిటీకి పోయి ఇట్టి యంత్రములను కాపాడు ఉద్యోగము చేయువారును ఉందురు, వారికిది దినచర్యయే. తక్కినవారి కొఱకు వ్రాయుచున్నాను.

పూర్వము ప్రతి రైలునకును ఒక లావుపాటి పుస్తకముండెడిది. గుమస్తా దానిని తెఱచి, తేదీ వెదకి, పేరు వ్రాసెడివాడు. ఆయన చేతిలో పుస్తకమున్నంతసేపు మఱియొకరు దానిని చూచుటకు వీలులేదు. 1980ల నడుమ సి.ఎం.సి. సంస్థ ఢిల్లీలో ఈ పనిని కంప్యూటరునకు ఎక్కించినది. 1986లో రైల్వేవారు ‘క్రిస్’ అను తమ సొంత సంస్థను నెలకొల్పిరి. వారు రూపొందించిన ‘కాన్సర్ట్’ అను వ్యవస్థ 1994లో మొట్టమొదట సికింద్రాబాదున అమలులోనికి వచ్చినది. 1999 నాటికి న్యూఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఐదును ఒకదానితోనొకటి కలుపబడెను. అందుచేతనే బెంగళూరిలో కూర్చుండి సికింద్రాబాదు నుండి బయలుదేరు రైలునకు టిక్కెట్టు కొనుట సాధ్యమైనది. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. వారు ఇంటర్నెట్టులో టిక్కెట్టమ్మకమును ఆరంభించిరి. అప్పటినుండి కౌంటరు ముందరి వరుస మన కంటికి కనబడకుండ పోయినది, కాని పోలేదు. అది యంత్రముల లోపలికి జరిగినది.

ఇంత పనిని ఒక్క యంత్రము చేయజాలదు. అనేక యంత్రములు ఒకే లెక్కల పుస్తకమును చేతబట్టుకొని, బయటివారికి ఒక్కటిగా కనబడుచు పనిచేయును. ఈ యంత్రముల కూటమికి క్లస్టరు అని పేరు. ఆ లెక్కల పుస్తకమునకు డేటాబేసు అని పేరు. క్లస్టరు చేతిలోని సొత్తు నాలుగు విధములు: లెక్క చేయు ప్రాసెసర్లు, చేతికందునట్లు పెట్టుకొను మెమొరీ, దూరముగా దాచుకొను డిస్కు, యంత్రముల నడుమ మాటలు మోయు తంత్రులు. ఎంత ధనము వెచ్చించినను ఈ నాలుగింటికిని ఒక హద్దు ఉండనే యుండును.

ఇక దీనిని ఆశ్రయించి వచ్చు ప్రశ్నలన్నియు ఒక్క తీరువి కావు. మొదటిది టిక్కెట్టు కొనుట. ఇది క్షణములో ముగియు పనియే. కాని ఇందులో వ్రాత యున్నది. ఫలానా బెర్తు ఫలానావారిదని వ్రాయుటయు, ధనము జమకట్టుటయు కలిసి జరుగవలెను. లేదా రెండును జరుగకుండవలెను. రెండవది విచారణ. చోట్లెన్ని యున్నవి, నా వెయిటింగు లిస్టు ఎంతవఱకు కదలినది అని అడుగుట. ఇందు చదువుట తప్ప వ్రాయుట లేదు. మూడవది రైలు బయలుదేరుటకు ముందు చార్టును సిద్ధపఱచుట. ఇది పెద్దపని, పైగా గడియ దాటరాని పని. నాలుగవది లెక్కల నివేదిక. గత ఐదు సంక్రాంతులలో బెంగళూరు నుండి ఆంధ్రమునకు పోవు రైళ్లలో చోటు దొరకనివారెందఱు, ఏ మార్గమున ప్రత్యేక రైలు వేయవలెను అని ఒక అధికారి అడిగెననుకొందము. దీనికి కోట్లకొలది పద్దులు తిరుగవేయవలెను. కాని జవాబు రేపు ఉదయమునకు వచ్చినను చాలును.

ఈ నాలుగింటిని ఒకే కాలువలోనికి వదలినచో ఏమగునో మన ప్రాంతపు రైతుకు ఎవరును చెప్పనక్కఱలేదు. ఆనేకల్లు తాలూకాలోను, ఇటు హోసూరు వైపునను, అటు కోలారు, అనంతపురము జిల్లాలలోను చెఱువు క్రింద సేద్యము చేసిన ప్రతి గ్రామమునకును ఒక నీరుగంటి యుండెడివాడు. కన్నడిగులును అతనిని నీరగంటి యనియే పిలుతురు. తూము తెఱచుట, మూయుట అతని పని. ఏ మడికి ఎంతసేపు నీరు పెట్టవలెనో నిర్ణయించువాడు అతడే. పొలము గలవాడు తనంతట తూము తాకరాదు. నారుమడికి కావలసినది కొంచెము నీరు, కాని నేడే కావలెను. రెండు దినములు తప్పినచో నారు ఎండిపోవును. చెఱకుతోటకు కావలసినది చాల నీరు, కాని ఒక దినము ఆగగలదు. చెఱకువానికి ముందుగా తూము వదలినచో నారుమడులవారందఱును గట్టుపై కూర్చుండి చూడవలసినదే. (చందాపురకును తన చెఱువు కలదు. దాని కాలుష్యము విషయమున 2022లో జాతీయ హరిత న్యాయాధికరణము రాష్ట్రమునకు 500 కోట్ల రూపాయల పరిహారము విధించినది. ఆ కథ వేఱు. ఇక్కడ మనకు కావలసినది చెఱువు కాదు, నీరుగంటి.)

టిక్కెట్టు కొనుట నారుమడి. నివేదిక చెఱకుతోట. క్లస్టరులో నీరుగంటి పనిచేయు భాగమునకు వనరుల నిర్వాహకుడని పేరు పెట్టవచ్చును. ఒరాకిల్ డేటాబేసులో ఇట్టి భాగము 1999లో వెలువడిన 8ఐ సంచికతో వచ్చినది. గ్రీన్‌ప్లమ్, రెడ్‌షిఫ్ట్ మొదలైన క్లస్టరు డేటాబేసులలో ఇది లేనిదే పని గడవదు.

ఈ నీరుగంటి ఎందుకు కావలెనో, యంత్రములను మఱికొన్ని కొనిన చాలదా యని కొందఱకు తోచును. ఒక చిన్న లెక్క చూతము. ఒక కౌంటరు ముందు ఇరువదిమంది వచ్చుచుందురనుకొనుడు. ఒక్కొక్కరికి సరిగా రెండు నిమిషములు పట్టును. వారు క్రమము లేకుండ, తమకు తోచినప్పుడు వచ్చుచుందురు. గుమస్తాకు నూటికి ఎనుబది పాళ్లు కాలము పని యుండును. అప్పుడు ఒక్కొక్కరు వరుసలో నిలువవలసిన సగటు కాలము 4 నిమిషములు. ఇప్పుడు అదే కౌంటరు, అదే ఇరువదిమంది. కాని పందొమ్మిదిమందికి ఒక్కొక్క నిమిషమే పట్టును, ఒక్కరికి మాత్రము 21 నిమిషములు పట్టును. మొత్తము పని మాఱలేదు. వెనుకటివలెనే నలువది నిమిషములు. సగటును మాఱలేదు. కాని నిలువవలసిన సగటు కాలము 4 నుండి 23 నిమిషములకు పెరిగిపోవును! పోలాచెక్, ఖిన్‌చిన్ అను గణితజ్ఞులు 1930, 1932 సంవత్సరములలో తేల్చిన సూత్రమునుబట్టి వచ్చిన లెక్క ఇది. పని ఎక్కువైనందున కాదు, చిన్నపనియు పెద్దపనియు కలిసినందుననే వరుస పెరిగినది. మిశ్రమ ప్రశ్నల క్లస్టరులో కలుగు కష్టమంతయు ఈ ఒక్క లెక్కలో ఇమిడియున్నది.

ఆ కౌంటరు వద్ద నీరుగంటిని నిలిపి, ఒక నిమిషపు పనివారిని ముందుకు పంపుమందుము. చేతనున్న పనిని మాత్రము నడుమ ఆపరాదు. అప్పుడు పందొమ్మిదిమంది సగటున ఏడున్నర నిమిషములకంటె కొంచెము తక్కువగా ఆగుదురు. ఆ పెద్దపనివాడు 23కు బదులు 37 నిమిషములు ఆగును. క్రొత్త గుమస్తాను పెట్టలేదు, ఒక్క రూపాయి వెచ్చింపలేదు. అయినను ఇరువదింట పందొమ్మిదిమందికి పదునైదు నిమిషములు కలిసివచ్చినవి. ఒక్కనికి పదునాలుగు నిమిషములు పోయినవి. న్యాయమా యని అడిగినచో, పండుగనాటి ఉదయమున న్యాయమే యని నా అభిప్రాయము. నివేదిక కోరిన అధికారి ఆనాడు మఱియొక కాఫీ త్రాగవచ్చును.

కాని ప్రతి దినమును అతనిని ఇట్లే వెనుకకు త్రోసినచో అతని వంతు ఎన్నటికిని రాదు. చెఱువు ఆయకట్టులో చివరిమడుల రైతులు పెట్టు మొఱ ఇదియే. అందుచేత మంచి నిర్వాహకుడు ప్రతి తరగతికిని ఒక కనీసపు వంతును కేటాయించును. ప్రాసెసరు కాలములో నూటికి పదిపాళ్లు నివేదికలకు తప్పక ఈయవలెను. టిక్కెట్ల రద్దీ లేనప్పుడు మిగిలినదంతయు అవియే వాడుకొనవచ్చును. రద్దీ రాగానే పదింటికి దిగవలెను. ఇట్లు క్రింది హద్దును, పై హద్దును కలిపి పెట్టుట వాడుక.

మెమొరీ విషయము ఇంతకంటె కఠినము. ప్రాసెసరు కాలము తక్కువైనచో పని మెల్లగా సాగును, అంతే. మెమొరీ చాలనిచో పని మెల్లగా సాగుటయే కాదు, తక్కినవారి పనియు చెడును. ఒక యంత్రములో 64 జి.బి. మెమొరీ యున్నదనుకొందము. ఒక్కొక్క ప్రశ్న 1 జి.బి. వాడుకొనవచ్చునని అనుమతించి, ఒకేసారి 200 ప్రశ్నలను లోనికి వదలినచో కోరిక 200 జి.బి. అగును. మిగిలినదానిని డిస్కుపై పఱచుకొని చేయవలసివచ్చును. లేదా యంత్రమే చేతులెత్తివేయును. దానికి బదులు 20 ప్రశ్నలనే లోనికి పిలిచి, ఒక్కొక్కదానికి 2 జి.బి. ఇచ్చినచో 40 జి.బి. అయినది. మిగిలిన 24 జి.బి.లో తఱచు అడుగబడు పద్దులను చేతికందునట్లు ఉంచుకొనవచ్చును. వాకిట నిలిచిన 180 ప్రశ్నలు, లోపల ఒకరినొకరు త్రొక్కుకొనుటకంటె ఇట్లు నిలిచియే త్వరగా ముగియును. పెండ్లి భోజనములలో పంక్తులు వేయుట వంటిదే ఇదియు; అందఱును ఒక్కసారిగా పందిరిలోనికి వచ్చినచో వడ్డించువాడు నడచుటకు త్రోవ యుండదు. రెడ్‌షిఫ్ట్ వారి వ్యవస్థలో మనము స్వయముగా వరుసలను ఏర్పఱచుకొనదలచినచో, మొదట ఇచ్చు వరుస ఒకేసారి ఐదు ప్రశ్నలనే నడపును. ఇంత పెద్ద యంత్రసముదాయమునకు ఐదేనా యని క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. కారణమిదియే.

ఇంకొక ఉపాయము విచారణలను వేఱుచేయుట. అవి వ్రాయవు, చదువును. కావున అసలు పుస్తకమునకు నకలు తీసి, చదువువారిని నకలు వద్దకు పంపవచ్చును. నకలు కొన్ని క్షణములు వెనుకబడి యుండును. తెరమీద మూడు చోట్లున్నవని చూచి, ధనము కట్టబోవునప్పటికి అవి లేకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును. ఎవరును మోసము చేయలేదు. మీరు చూచినది నిముసము క్రిందటి పుట. రైలు ఎక్కడ నడచుచున్నదో తెలుపు ఎన్.టి.ఇ.ఎస్. అను వ్యవస్థ రిజర్వేషను వ్యవస్థకు వేఱుగనే యున్నది. రైలు ఎక్కడికి వచ్చినదని లక్షలమంది అడిగినను టిక్కెట్ల వరుసకు అడ్డు రాకుండుటకు ఇది మేలైన ఏర్పాటు.

విచారణల బరువెంతయో 2025 జూన్‌లో రైల్వే మంత్రిత్వ శాఖ ప్రకటించిన అంకెలవలన తెలియును. అప్పటి వ్యవస్థ నిమిషమునకు 32,000 టిక్కెట్లను, 4 లక్షల విచారణలను మోయగలదు. రానున్న వ్యవస్థను 1.5 లక్షలకు పైగా టిక్కెట్లకు, 40 లక్షలకు పైగా విచారణలకు తగినట్లు రూపొందించుచున్నట్లు చెప్పిరి. అనగా టిక్కెట్ల శక్తి సుమారు ఐదింతలు, విచారణల శక్తి పదింతలు. ఒక్క టిక్కెట్టునకు పండ్రెండున్నర విచారణల లెక్క ఇరువదియాఱు దాటినది. కొనువాడొక్కడు, అడుగువారు ఇరువదియాఱుగురు. సంతలో బేరమువలెనే యున్నది.

కాలమును పంచుటయు వనరులను పంచుటయే. తత్కాల్ టిక్కెట్లను ఏ.సి. తరగతులకు 10 గంటలకును, తక్కిన తరగతులకు 11 గంటలకును 2015 జూన్‌ నుండి వేఱుచేసిరి. సామాన్య రిజర్వేషను 8 గంటలకు తెఱచుకొనును. ఒకే ఘడియలో పడవలసిన వరదను మూడు ఘడియలకు పంచినట్లయినది. రాత్రి 11.45 మొదలుకొని సుమారు అరగంటసేపు టిక్కెట్లమ్మకమును నిలిపి, యంత్రముల నిర్వహణ పనులు చేసికొందురు.

ఇంత చేసినను వరద వరదయే. 2025 మే 22వ తేది ఉదయము 10 గంటల నిమిషమున 31,814 టిక్కెట్లు అమ్ముడుపోయినవి; అప్పటికదియే అత్యధికమని మంత్రిత్వ శాఖ తెలిపినది. ఈ అంకెను పై 32,000 ప్రక్కన పెట్టి చూడుడు. రెండును వేఱువేఱు సందర్భములలో ప్రకటింపబడినవే యైనను, వ్యవస్థ ఎంత అంచున నడచినదో ఊహింపవచ్చును. టెలిఫోను పిలుపులను గూర్చి 1909లో డెన్మార్కు దేశీయుడు ఎర్లాంగు ఆరంభించిన శాస్త్రము ఈ అంచునుగూర్చియే హెచ్చరించుచున్నది. ఒక్కొక్కరి పనికి సగటున ఒక నిమిషము పట్టు కౌంటరు, సగము కాలము పనిలో నున్నచో సగటు నిరీక్షణము 1 నిమిషము; నూటికి 80 పాళ్లయినచో 4 నిమిషములు; 90 అయినచో 9; 95 అయినచో 19; 99 అయినచో 99 నిమిషములు. తొంబది నుండి తొంబదితొమ్మిదికి పని పెరిగినది పదింట ఒక వంతు. నిరీక్షణము పదునొకండు రెట్లు. అందుచేతనే ఎఱిగినవారు యంత్రములలో కొంత శక్తిని ఖాళీగా ఉంచుదురు. లెక్కలు చూచువారికి అది వృథా వ్యయముగా కనబడును.

ఆ రద్దీలో మనుష్యులు కానివారును ఉన్నారు. తత్కాల్ తెఱచిన తొలి ఐదు నిమిషములలో లాగిన్ ప్రయత్నములలో సగము వఱకు యంత్రములే చేయుచున్నవని 2025లో తేలినది, 2.5 కోట్లకు పైగా ఖాతాలను మూసివేసిరి. 2025 జూలై 1 నుండి తత్కాల్ కొనువారికి ఆధారు ధ్రువీకరణ కావలెననియు, ఏజంట్లు తొలి అరగంట కొనరాదనియు నియమించిరి. 2025 అక్టోబరు 1 నుండి సామాన్య రిజర్వేషను తొలి పదునైదు నిమిషములకును ఆధారు నియమమును విస్తరించిరి. మన నీరుగంటి భాషలో చెప్పవలెనన్నచో, ఆయకట్టులో భూమి లేనివాడు గట్టుపై నిలువరాదని దండోరా వేయించినట్లు.

ఇక సర్వరుపై మనము వేయు నిందలోని పొరపాటునకు వత్తును. ఒక రైలులో ఏడు స్లీపరు పెట్టెలున్నవనుకొందము. నేటి ఎల్.హెచ్.బి. పెట్టె యొక్కదానిలో 80 బెర్తులు, వెరసి 560. ఒక టిక్కెట్టుపై ఆరుగురు ప్రయాణింపవచ్చును. ఏ కోటాను మినహాయింపకున్నను, ఆరుగురేసి గల కుటుంబములైనచో తొంబదిమూడు కుటుంబములతో రైలు నిండి ఇద్దఱికి మాత్రము చోటు మిగులును. నిమిషమునకు 32,000 టిక్కెట్లమ్మగల యంత్రములకు తొంబదినాలుగు టిక్కెట్లు ఎంతపాటి పని? పైగా ఆ 560 బెర్తుల పద్దు ఒక్కటే. ఒక బెర్తును ఇద్దఱికి అమ్మరాదు గనుక, ఒకరి పేరు వ్రాయుచున్నంతసేపు ఆ పద్దునకు తాళము వేయవలెను, తక్కినవారు ఆగవలెను. ఈ తాళము వద్ద వేయి యంత్రములు చేర్చినను వరుస తఱుగదు. వెనుకటి లావుపాటి పుస్తకము, ఆ గుమస్తా వ్రేలు, ఇక్కడ ఇంకను ఉన్నట్లే. దేశమంతట లక్షల బెర్తులు ఖాళీగా నున్నను, జనవరి 13వ తేది కాకినాడ రైలు పద్దు వద్దనే మనమందఱము నిలిచియున్నాము. ఇది యంత్రముల కొఱత కాదు, బెర్తుల కొఱత. దీనికి కావలసినది ప్రత్యేక రైలు. ఆ రైలు ఏ మార్గమున వేయవలెనో చెప్పునది ఇంతకుముందు మనము వెనుకకు త్రోసిన ఆ నివేదికయే. చెఱకుతోటకు కనీసపు వంతు ఎందుకు విడువవలెనో ఇక్కడ కనబడును.

తల్లిదండ్రులకు అక్కఱకు వచ్చు మాటలు రెండు మూడు చెప్పెదను. ప్రయాణికుల పేర్లు, వయస్సులు ముందుగనే ఖాతాలో దాచుకొనుడు. రైలు సంఖ్య, తరగతి ముందునాడే నిర్ణయించుకొనుడు. ఎనిమిది గంటలకు విచారణలు చేయుచు కూర్చుండరాదు. చక్రము తిరుగుచున్నప్పుడు మఱల మఱల నొక్కవలదు. ఒక్కొక్క నొక్కు ఒక క్రొత్త ప్రశ్నయై వరుస చివర చేరవచ్చును, మీ వెనుకనే మీరు నిలిచినట్లగును. వెయిటింగు లిస్టులో పడినవారు చార్టు వేళను గమనింపవలెను. రైలు బయలుదేరుటకు 4 గంటల ముందు సిద్ధమగు చార్టును 8 గంటల ముందే సిద్ధపఱచవలెనని 2025లో నిర్ణయించిరి. మధ్యాహ్నము రెండు గంటలకు ముందు బయలుదేరు రైళ్లకు ముందునాటి రాత్రి 9 గంటలకే చార్టు సిద్ధపఱచవలెనని అప్పుడు నిర్ణయించిరి. కావున పగటి రైలు పట్టువారు పెట్టెలు సర్దుటకు ముందు ఆ రాత్రియే ఒకమారు చూచుకొనవలెను.